విషం దొరకలేదు

సాన్ ఇరెనియో
21 జూన్ 1983

పెట్రా పిన్నీ,

నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకుని, దీవెన తీసుకుని మొదలుపెడుతున్నాను. నీ మోకాళ్ళ నొప్పి గురించి అడగాలి, అడిగాననే అనుకో. ముందు విషయం చెప్పేస్తాను.

ఈ వారంలో నా చేతుల్లో ముగ్గురు పోయారు. ఏ జబ్బో తెలియదు. జ్వరం లేదు. కలరా కాదు. మొదట పెదాలు తిమ్మిరెక్కుతాయి. తర్వాత నాలుక, వేళ్ళ కొసలు. ఆ తర్వాత "డాక్టర్, నేను గాల్లో తేలిపోతున్నాను" అంటారు. ముగ్గురూ అదే మాట అన్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే. కాసేపటికి మాట ముద్దగా అయిపోతుంది, చెయ్యి లేవదు, చివరికి ఊపిరికి ఛాతీ కూడా లేవదు. అంతసేపూ తెలివి మాత్రం ఉంటుంది. అదే నాకు భరించరానిది. మొన్న పోయిన నోర్మాకి ఏడేళ్ళు. ఏడవడానికి కూడా కండరం కదలక, నా మొహంలోకి చూస్తూ పోయింది.

ఇక్కడ ఎస్తెర్ అని మంత్రసాని ఉంది. ఊళ్ళో సగంమందిని ఆవిడే భూమ్మీదకి లాగింది. ఆవిడ కూడా ఇలాంటిది ఎన్నడూ చూళ్ళేదట.

నాకు చేతనైంది చేశాను. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏం తిన్నారో, ఎవరు తినలేదో అడిగాను. జబ్బుపడ్డ ప్రతి ఇంట్లోనూ ఆలిచిప్పల చారు తాగారు. ఒక ఇంట్లో అందరూ పడిపోయారు, పంటినొప్పితో గంజి తాగి ఊరుకున్న ముసలమ్మ తప్ప. చారు ఎక్కువ తాగినవాళ్ళు ముందు పడ్డారు. ఇంతకంటే ఏం కావాలి చెప్పు? మేయర్ కాళ్ళావేళ్ళా పడి అమ్మకాలు ఆపించాను. ఆయన పళ్ళు నూరుతూ ఒప్పుకున్నాడు. అఖాతం నిండా పాతిన వెదురు గుంజలకి కాసే ఈ చిప్పలే కదా ఊరంతటికీ తిండి.

ఇంకో భయం ఉంది. పోయిన ముగ్గురూ చిప్పలు కొన్నది ఒక్క మనిషి దగ్గరే. సబీనా అని, రేవు దగ్గర గంప పెట్టుకుని అమ్ముతుంది. పెద్ద నోరు, పెద్ద నవ్వు, నేనొచ్చిన మొదటి రోజు నాకు ఊరికే దోసెడు చిప్పలు పెట్టిన మనిషి. ఇప్పుడు ఆమె చేతబడి చేసిందంటున్నారు. పురుగుల్ని మంత్రించి మనుషుల కడుపుల్లోకి పంపుతోందట. ఆమె మొగుడు గవీనో గుమ్మంలో కొడవలి పట్టుకుని కూర్చుంటున్నాడు. చిప్పల్లో ఉన్నది ఫలానా విషం అని మీ ల్యాబులో పరీక్షించి నువ్వు పేరు పెట్టి చెబితే తప్ప ఆమెని ఎవరూ వదలరు.

ఐసులో పెట్టి ఒక పెట్టెడు చిప్పలు ఓడ గుమాస్తా చేతికిచ్చి పంపుతున్నాను. ఊళ్ళో ఫోన్ లేదు. తంతి ఆఫీసు మాత్రం మేయరు గారి భవనంలోనే ఉంది. త్వరగా పిన్నీ.

నీ
సిద్రో

*

మనీలా
28 జూన్ 1983

ఒరేయ్ సిద్రో,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ముందు తిట్టనీ. నువ్వు పంపింది ఐసు కాదు, కంపు. పెట్టె తెరవగానే మా అటెండరు ముక్కు మూసుకుని మెట్ల మీదికి పరిగెత్తాడు, ఇంతవరకూ దిగిరాలేదు. నీళ్ళు కారి కింద అంటించిన కాగితం చెదిరిపోయింది. ఏ చిప్ప ఏ రేవుదో ఎలా తెలియాలిరా నాకు? మళ్ళీ పంపు, ఈసారి పొట్టులో కప్పి పంపు.

ఇక్కడ వానలు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పక్కింటి వాళ్ళ పందెంకోడి మా మేడ మెట్ల మీద కాపురం పెట్టింది, నేను వెళ్తుంటే పొడుస్తోంది.

ఇప్పుడు నీ లెక్క సంగతి. ఆ పిల్ల గురించి చదివి నేను కూడా ఏడ్చాను. కానీ ఏడుపు వేరు, రుజువు వేరు. చిప్పలు తిన్నవాళ్ళు జబ్బుపడ్డారు అన్నావు. బాగుంది. చిప్పలు తినేటప్పుడు వాళ్ళంతా కొబ్బరి కల్లు కూడా తాగుతారుగా? ఆ కల్లులో ఎవడైనా ఏదైనా కలిపాడేమో చూశావా? ఒకే బావి నీళ్ళు తాగారేమో? పక్కపక్కన కనబడ్డ రెండింట్లో ఒకటి రెండోదానికి కారణమని నువ్వనుకుంటే, ఊరివాళ్ళు సబీనాని అనుకోవడంలో తప్పేముంది? వాళ్ళూ నీలాగే లెక్కపెట్టారు. ముగ్గురూ ఆమె దగ్గరే కొన్నారు, ముగ్గురూ చచ్చారు.

నా పనిలో అలా కుదరదు. పదార్థాన్ని విడదీసి, సీసాలో పెట్టి, బరువు చూసి, ఇదిగో ఇదీ అని చూపించాలి. పాదరసం, సీసం, పాషాణం, పురుగుమందులు, చెడ్డ సూక్ష్మజీవులు అన్నీ చూస్తాను. అంతవరకూ నోరు జారకు. నువ్వు భయపడి ఉన్నావు. భయంతో వేసిన లెక్క తప్పుతుంది.

వేళకి తిను. చిప్పలు కాదు.

పిన్ని

*

సాన్ ఇరెనియో
5 జూలై 1983

పిన్నికి,

నుదుటికి నీ చెయ్యి.

కల్లు తాగారేమో చూశావా అని అడిగావు. ఏడేళ్ళ పిల్ల కల్లు తాగదు పిన్నీ. బావి కూడా చూశాను. కొండ పక్కవాళ్ళది వేరే బావి, అక్కడా ఇద్దరు పోయారు. అవును, ఇంకో ఇద్దరు. అమ్మకాలు ఆపినా చీకటిమాటున గుంజల దగ్గరికెళ్ళి కోసుకుంటున్నారు. ఆకలి.

నేను సబీనా మీద రాళ్ళేసేవాళ్ళతో సమానమన్నావు చూడు, అది గుచ్చుకుంది. వాళ్ళు చచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టారు. నేను బతికినవాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాను. సబీనా దగ్గర ఎండుచేపలు కొని తిన్నవాళ్ళు ఎంతమందో, వాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. వేరేవాళ్ళ దగ్గర చిప్పలు కొన్నవాళ్ళకి తిమ్మిర్లొచ్చాయి, కాకపోతే వాళ్ళు చావలేదు కాబట్టి ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. మా వైద్యంలో రుజువంటే అదే. ఇటువైపువాళ్ళనీ అటువైపువాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడటం. నీకు సీసాలో పదార్థం కావాలి. నాకు అంత తీరిక లేదు. సీసా నిండేలోగా మంచాలు నిండుతున్నాయి.

కానీ ఒకమాట నిజం. ఇదంతా మేయరుకి చెబితే ఆయన ఆవులించాడు. "డాక్టర్, నువ్వు ఇల్లిల్లూ తిరిగి కబుర్లు పోగేశావు. మనీలాలో యంత్రాలున్నాయి. వాళ్ళేం చెబితే అదే" అన్నాడు. నిన్న రేవులో జనం ఆయన్ని చుట్టుముట్టారు. "మా పిల్లలు ఉప్పూ అన్నం తింటున్నారు, నువ్వొచ్చి తిను" అని ఒకామె ఆయన చొక్కా పట్టుకుంది.

సబీనా ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. నుదురు చిట్లి వచ్చింది. కుట్లు వేస్తుంటే "డాక్టర్, నాకే అనుమానమొస్తోంది. నాకు తెలీకుండా నా చేతిలో ఏదైనా ఉందంటావా?" అంది.

రెండో పెట్టె పొట్టులో కప్పి మొన్ననే పంపాను, అందే ఉంటుంది. ఫలితం తెలియగానే తంతి కొట్టు, ఉత్తరం కోసం ఆగకు. నీ మాట కోసం ఊరంతా కాసుకుని ఉంది.

సిద్రో

*

తంతి
మనీలా, 8 జూలై 1983

పరీక్షలన్నీ చేశాం. విషం దొరకలేదు. వివరాలు ఉత్తరంలో. పెట్రా.

*

మనీలా
8 జూలై 1983

సిద్రో నాన్నా,

ఇప్పుడే తంతి ఇచ్చి వచ్చాను. ఇంకా గొడుగు కూడా ముడవలేదు. పోయిన ఉత్తరంలో ఎక్కువ మాట్లాడాను. బతికినవాళ్ళని లెక్కపెట్టానన్నావు, ఆ సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

తంతిలో పట్టని మాట ఇక్కడ రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. నేను వెతికినవి దొరకలేదు. అంతే. పాదరసం లేదు, పాషాణం లేదు, పురుగుమందు లేదు, సూక్ష్మజీవులు చిప్పల్లో మామూలుగా ఉండేవే. అంటే చిప్పలు మంచివని కాదు. నేను వెతకడం తెలిసినవాటి కోసమే వెతికాను. తెలియనిదానికి నా దగ్గర పరీక్ష లేదు. అమ్మకాలు మళ్ళీ మొదలుపెట్టనివ్వకు. మేయరుకి నువ్వే దగ్గరుండి చెప్పు.

మా భవనంలోనే కింది అంతస్తులో హిలారియో అని ఒకాయన ఉన్నాడు. సముద్రపు నీళ్ళు సూక్ష్మదర్శినిలో చూడటమే ఆయన పని. నీ ఉత్తరం చదివి వినిపిస్తే గడ్డం గోక్కుంటూ, "నీళ్ళ రంగు మారిందా?" అని అడిగాడు. తుప్పు రంగు నీళ్ళు ఎక్కడైనా చూశావా? ఒక సీసాలో పట్టి పంపు. "మరి చూసి చెప్పేస్తావా?" అన్నాను. "ఒక్క ఏడాది నీళ్ళు చూసి ఏం చెప్పను? కనీసం రెండు మూడు వర్షాకాలాలు చూడాలి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు నా గురించి ఇలాగే అనుకుని ఉంటావు.

ఆయనే బోర్నియో తీరం నుంచి వచ్చిన పాత నివేదిక ఒకటి చూపించాడు. అక్కడ కూడా పెదాలు తిమ్మిరెక్కాయట. చిప్పల రసం ఎలుకలకి ఎక్కించి చూశారట. మాలాంటివాళ్ళం దాన్ని పరీక్ష అనం. ఎలుక చస్తే ఏం తెలుస్తుంది, ఎలుక చచ్చిందని తప్ప? అయినా ఎలుకలు తెప్పిస్తున్నాను.

జాగ్రత్త నాన్నా.

పిన్ని

*

సాన్ ఇరెనియో
14 జూలై 1983

పిన్నీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. తుపాను వల్ల ఓడ పక్క దీవిలోనే ఆగిపోయిందట. సబీనా సమాధి పక్కన కూర్చుని చదివాను.

తంతి మాత్రం తొమ్మిదో తేదీ పొద్దున్నే వచ్చింది. తంతి గుమాస్తా దాన్ని నాకు కాదు, మేయరుకి ఇచ్చాడు. ఆయన చర్చి మెట్లెక్కి చదివాడు. "విషం దొరకలేదు" దాకా చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారిగా కేకలు, గంటలు. ఎవడో డోలు తెచ్చాడు. జనం సబీనా ఇంటికి పరుగెత్తారు. రాళ్ళు వేసినవాళ్ళే ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆమె కూడా ఏడుస్తూ నవ్వుతూ, "నా చేతుల్లో ఏం లేదు, చూశారా? మనీలా యంత్రం చెప్పింది!" అని అరచేతులు అందరికీ తిప్పి తిప్పి చూపించింది.

నేనూ అక్కడే ఉన్నాను. చప్పట్లు కొట్టాను పిన్నీ. నా దగ్గర ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన లెక్క ఉంది. అది ఒకటే చెబుతోంది. అయినా నీ మాట ముందు నా లెక్క నాకే చిన్నపిల్లల ఆటలా కనబడింది. నీదే అసలు శాస్త్రం, నాది కబుర్లు అనుకున్నాను. నన్ను పెంచింది నువ్వు, నీ మాట ఎప్పుడు తప్పయింది గనక?

ఆమె పెద్ద గంగాళంలో చారు కాచింది. అందరికీ పోసింది. పోస్తూ తనూ తాగింది, అందరికంటే ఎక్కువ. నన్ను పిలిచింది. ఒక పురుడుంటే వెళ్ళిపోయాను, అదే నా అదృష్టం. సాయంత్రానికి గుమ్మం ముందు మంచాలూ, చాపలూ, భుజాల మీద మోసుకొచ్చినవాళ్ళూ. గవీనో ఆమెని ఎత్తుకుని వచ్చాడు. తను తాగలేదట, గంగాళం కింద మంట చూసుకుంటూ ఉండిపోయాడు. ఆమె ఏదో చెప్పబోయింది, నాలుక తిరగలేదు. అరచెయ్యి మాత్రం పైకి తిప్పి పెట్టింది.

మొత్తం నలుగురు పోయారు, ఆమెతో కలిపి. నేను బతికించినవాళ్ళెవరూ లేరు. బతికినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బతికారు.

"ఇంకా తినొద్దు." రెండు మాటలు పిన్నీ. అంత కష్టమా? ఉత్తరంలో పేజీడు రాశావు, తంతిలో రెండు మాటలు పట్టలేదా? నువ్వు నీ నిజం ఏ మచ్చా లేకుండా కాపాడుకున్నావు.

ఇక్కడ ఇప్పుడు అందరూ మళ్ళీ ఆమెనే అంటున్నారు. తన చేతబడి తనకే తగిలిందట. గవీనో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఇక తంతులు పంపకు.

సిద్రో

*

తంతి
మనీలా, 16 జూలై 1983

ఆలిచిప్పలు ఎవరూ తినొద్దు. ఉడికించినా తినొద్దు. చారు అసలే వద్దు. ఎందుకో నాకింకా తెలియదు. ఈ తంతి మొత్తం చదివి వినిపించాలి. పెట్రా.

*

మనీలా
20 జూలై 1983

సిద్రో,

పదహారున తంతి ఇచ్చేటప్పటికి నీ ఉత్తరం నాకు చేరలేదు. అది నిన్న రాత్రి వచ్చింది, మూడు రోజుల తర్వాత. నువ్వు వద్దన్న తర్వాత తంతి కొట్టానని అనుకోకు.

మూడుసార్లు చదివాను. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు. తంతి కాగితం ముందు నిలబడి పదాలు కుదించాను, అది నాకు గుర్తుంది. "దొరకలేదు" అని రాసి, ఎంత నిక్కచ్చిగా ఉందో అని లోపల్లోపల గర్వపడ్డాను కూడా. మా ల్యాబులో ఆ మాట అంటే వెతికిన గది ఖాళీగా ఉందని అర్థం. మెట్ల కింద నిలబడ్డవాళ్ళకి ఇల్లంతా ఖాళీ అని వినబడింది. వినబడుతుందని నాకు తెలియాలి. నాకు ఇన్నేళ్ళొచ్చాయి. ఆమె అరచేతులు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

పదిహేనున ఏం జరిగిందో చెబుతాను. నువ్వు పంపిన రెండో పెట్టె చిప్పల్ని కాస్త ఆమ్లం కలిపిన నీళ్ళలో మరగబెట్టి, వడకట్టి, ఒక తెల్ల ఎలుకకి సూదితో ఎక్కించాను. గడియారం చూసుకునేలోపు దాని వెనకకాళ్ళు ఈడ్చుకుపోయాయి. నోరు తెరిచి ఊపిరికోసం ఎగిరింది. అంతే. ఇంకో ఎలుక. అదీ అంతే. మనీలా బజారులో కొన్న చిప్పల రసం ఎక్కించిన ఎలుకలు మాత్రం గింజలు తింటూ కూర్చున్నాయి. ఇటువైపూ అటువైపూ పక్కపక్కన పెట్టాను సిద్రో, నీలాగే.

దాని పేరేమిటో తెలియదు. సీసాలో విడిగా లేదు. బరువు లేదు. మా డైరెక్టరు, "పేరులేని విషం మీద మన సంతకం ఎలా పెడతాం? ఎలుకలు దేనికైనా చస్తాయి" అన్నాడు. ఆయన అన్నది నేను నీకు రాసినదే, కాస్త మాటల తేడాతో. గొడుగు కూడా తీసుకోకుండా తంతి ఆఫీసుకి వెళ్ళాను. దానికి నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఇచ్చుకోనీ.

ఇది మాత్రం వెంటనే కావాలి నీకు. బోర్నియో నివేదికలో ఉంది: విరుగుడు లేదు. కానీ ఆ విషం గుండెని ఆపదు, ఊపిరినే ఆపుతుంది. ఊపిరి మనం ఇస్తూ ఉంటే ఒంట్లోంచి అదే దిగిపోతుంది. నోట్లో నోరు పెట్టి ఊదుతూ ఉండాలి. ఒక పూట, రెండు పూటలు, ఎంతసేపైనా ఆపకూడదు. ఇది రుజువైందా అని అడగకు. నలుగురిని అలా బతికించామని ఎవరో రాశారు, అంతే నాకు తెలిసింది.

నామీద కోపం ఉంచుకో, కానీ ఉత్తరం రాయి. నీ దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే నువ్వు కూడా తిన్నావేమోనని అనుకుంటాను.

పిన్ని

*

సాన్ ఇరెనియో
31 జూలై 1983

పిన్నీ,

నీ చెయ్యి నుదుటికి. మొన్న కోపంలో అది కూడా రాయలేదు.

రెండో తంతి నేనే చర్చి మెట్లెక్కి చదివాను. "ఎందుకో నాకింకా తెలియదు" అన్నచోట ఎవడో పెద్దగా నవ్వాడు. "మొన్న లేదంది, ఇవాళ ఉందంటోంది, ఎందుకో తెలీదంటోంది! ఏం తాగి పంపిందిరా మీ పిన్ని?" అన్నారు. సగంమంది మానేశారు. సగంమంది, చేతబడి చేసిన మనిషి పోయింది కాబట్టి ఇక భయం లేదన్నారు. గుంజల దగ్గరికి పడవలు వెళ్తూనే ఉన్నాయి. నేను ఒడ్డున నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను.

ఇరవయ్యారున నేను కొండ పక్క ఊరికి వెళ్ళాను. నీ ఉత్తరం ముందురోజే అందింది. అందకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను.

నేను లేనిది చూసి గవీనో రేవులోకి పొయ్యీ కుండా తెచ్చుకున్నాడు. పొద్దున్నే, అందరూ ఉండగా. నీళ్ళలోకి దిగి తన గుంజల నుంచి చిప్పలు కోశాడు. అక్కడే కడిగి, అక్కడే వండాడు. "ఇవి నా పెళ్ళాం ముట్టుకోలేదు. అది మట్టిలో ఉంది. కోసింది నేను, వండింది నేను, తినేది నేను. నాకేం కాకపోతే మీరన్నది నిజం. ఏదైనా అయితే మీ నోళ్ళు మూసుకోండి" అన్నాడట. ఎస్తెర్ కుండ తన్నబోయింది. అప్పటికే తాగేశాడు.

నన్ను పిలవడానికి మనిషిని పరిగెత్తించారు. నేనొచ్చేసరికి ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నీలం. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టాయి. చొక్కా చింపి నోట్లో నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాను. అలిసిపోతే ఎస్తెర్. ఆవిడ అలిసిపోతే నేను. మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరిగి బోర్లాపడ్డాను. అప్పుడు ఒకడు ముందుకొచ్చాడు. "నాకు చూపించు" అన్నాడు. వాడు నోర్మా తండ్రి, పిన్నీ. మొదటి రాయి వాడిదేనని ఊరంతా చెప్పుకుంది. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకో ఇద్దరు. వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఊదారు. ఆగిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు, అందుకని ముక్కు మూసే చెయ్యి మారేటప్పుడు కూడా అందరం ఊపిరి బిగబట్టాం. ఒకసారి కాదు, చాలాసార్లు, చచ్చిన మనిషిలోకి ఊదుతున్నామేమో అనిపించింది. నాడి చూసేవాణ్ణి, ఉండేది.

పొద్దువాలే వేళకి అతని ఛాతీ దానంతట అది లేచింది. అందరం చూశాం. మళ్ళీ లేస్తుందా అని చూశాం. లేచింది.

ఆ రోజు నుంచి గుంజల దగ్గరికి ఒక్క పడవ వెళ్ళలేదు. సబీనా సమాధి మీద పూలు కనబడుతున్నాయి, ఎవరు పెడుతున్నారో ఎవరూ చెప్పరు.

నేను గవీనోని చెడామడా తిట్టాను. "చచ్చిపోయుంటే?" అన్నాను. "అప్పుడు కూడా తెలిసేదిగా" అన్నాడు. నాకు కోపం తగ్గలేదు. నా ఇంటింటి లెక్కా, నీ ఎలుకలూ చెప్పింది ఊరు వినలేదు, ఒక మనిషి ఇసకలో పడి నీలంగా మారితే విన్నది. దాన్ని మెచ్చుకోలేను. ఇలా తెలుసుకోవాల్సి వచ్చినందుకు నాకు భయంగా ఉంది. రేపు ఇంకొకడు ఇంకేదో తెలుసుకోవడానికి ఇదే చేస్తే?

నీళ్ళు సీసాలో పట్టి పంపుతున్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది, మే నెల ఆఖర్లో అఖాతం ఒక మూల తుప్పు రంగులో ఉండేది. కొండమీంచి మట్టి కొట్టుకొచ్చిందనుకున్నాం.

నీమీద కోపం పోయిందో లేదో ఇంకా తెలియదు. కానీ ఉత్తరం రాస్తున్నాను, చూడు.

సిద్రో

*

మనీలా
22 నవంబర్ 1983

సిద్రో నాన్నా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, ఆ ఎస్తెర్‌ని కూడా.

ఆగస్టు నుంచి నీకు ఎలుకల సంగతులు తప్ప ఏమీ రాయలేదు, పొడి ఉత్తరాలు. ఇవాళ్టిది కొంచెం పొడుగు.

దానికి పేరు దొరికింది. బయటి దేశం నుంచి శుద్ధిచేసిన నమూనా తెప్పించి పక్కన పెట్టి చూశాను. మీ చిప్పల్లో ఉన్నది అదే. హిలారియో నీ జూలై సీసాలోని జీవుల్ని నాకు చూపించాడు. కంటికి కనబడనంత చిన్నవి, పూసల్లా ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి. చిప్పలు నీటిని వడకట్టుకుంటూ వాటిని తింటాయట. చిప్పలకి ఏమీ కాదు. "వీటివల్లే అని రాయనా?" అన్నాను. "ఒకేసారి కనబడ్డాయని రాయి. వచ్చే ఏడాది మళ్ళీ వస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఈసారి ఆయన మీద కోపం రాలేదు.

నా నోటీసు వెనక్కి తీసుకున్నారు. డైరెక్టరు కరచాలనం చేశాడు. బుర్ర ఊపి వచ్చేశాను. విషానికి పేరు పెట్టిన రోజు పండగ చేసుకోవాలని పాతికేళ్ళుగా అనుకునేదాన్ని. ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద అలా కూర్చున్నాను. పేరు తెలియనప్పుడు కూడా అది చంపుతూనే ఉంది కదా.

ఇప్పుడు అసలు మాట. ఈ నెల నువ్వు పంపిన చిప్పలన్నిటి రసానికీ ఎలుకలు బతికాయి. నీళ్ళలో ఆ జీవులు కనబడలేదు. అమ్మకాలు తెరవచ్చని కాగితం వస్తుంది. అది మేయరు చేతిలో పడకముందే నీకు రాస్తున్నాను. నాకు తెలిసింది ఇది: నేను చూసిన చిప్పల్లో, చూసిన రోజున, ఎలుకని చంపేంత విషం లేదు. రేపటి నీళ్ళ సంగతి తెలియదు. నేను చూడని గుంజ సంగతి తెలియదు. నెలనెలా పంపుతూనే ఉండాలి. మెట్లెక్కి చదివితే ఇదంతా చదువు, ఒక్క ముక్క వదిలినా ఊరుకోను.

నువ్వు తినమని నేను చెప్పను. తినొద్దని కూడా చెప్పలేను.

పిన్ని

*

సాన్ ఇరెనియో
4 డిసెంబర్ 1983

పిన్నీ,

నీ చెయ్యి నుదుటికి, కాస్త ఎక్కువసేపు.

అంతా చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. డోళ్ళు లేవు. విని, తలలూపి, ఇళ్ళకి పోయారు. వారం గడిచినా ఒక్కరూ కొనలేదు. గంపలు నిండా తెచ్చి నిండానే తీసుకుపోతున్నారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఎవరు ముందా అని.

ఇవాళ మధ్యాహ్నం గవీనో కుండ పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. బల్ల మీద పెట్టి మూత తీశాడు.

"నువ్వు పొద్దున మనీలాకి పంపిన కుప్పలోంచి తీసినవే. సగం మీ పిన్ని ఎలుకలకి, సగం ఇవి" అన్నాడు.

"తినమంటావా?"

"నేను తిన్నాను, నా వంతు అయింది. నా పెళ్ళాం తిన్నది, దాని వంతూ అయింది."

కిటికీలోంచి చూస్తే ఒడ్డున అతని పడవ ఉంది, మోటారు బిగించి, చాప పరిచి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి సిద్ధం చేసి వచ్చాడు. ఎస్తెర్ తలుపు దగ్గర నిలబడి జపమాల తిప్పుతోంది.

గిన్నెడు పోసుకున్నాను. నీ ఎలుకలు గుర్తొచ్చాయి, హిలారియో సీసా గుర్తొచ్చింది, నా లెక్క గుర్తొచ్చింది. అన్నీ ఒకటే చెబుతున్నాయి. అయినా చెంచా పైకెత్తలేకపోయాను పిన్నీ. నోర్మా కళ్ళు కనబడ్డాయి. తెలియడం వేరు, మింగడం వేరని అప్పుడు తెలిసింది. మింగాను. చిప్పలు తిన్నాను. చారు అడుగుదాకా తాగాను.

అప్పట్నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిమిషానికోసారి పెదాలు తాకి చూసుకుంటున్నాను. ఇందాక నాలుక కొసన చురుక్కుమంది. పెన్ను పడిపోయింది. గవీనో లేచి నిలబడ్డాడు, పడవ వైపు అడుగు కూడా వేశాడు. ఎస్తెర్ వచ్చి గిన్నె వాసన చూసి "పచ్చిమిర్చి" అంది. ఎవరం నవ్వలేదు.

ఎండ కిటికీ దాటి గోడ మీదికి వచ్చింది. వేళ్ళు బాగానే కదులుతున్నాయి, అక్షరాలు చూడు. గవీనో ఎదురు కుర్చీలో కూర్చుని నా ఛాతీ వంక చూస్తున్నాడు, లేస్తోందా లేదా అని. మొదట నాకు అది కోపంలా అనిపించింది. ఇప్పుడు చూస్తే, నా ఛాతీ లేచేదాకా అతను ఊపిరి తీసుకోవడం లేదు. నాకంటే అతనే ఎక్కువ భయపడుతున్నాడు.

ఇంకా కాసేపు అయింది. ఎస్తెర్ దీపం వెలిగించింది. నాకేం కాలేదు.

ఇప్పుడే గవీనో లేచి బల్ల దగ్గరికొచ్చాడు. కుండలో మిగిలింది చాలాసేపు చూశాడు. ఒక చిప్ప తీసి నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. ఆమె పోయాక అతని నోట ఆమె పేరు నేను వినలేదు.

"అల్లం తక్కువైంది. సబీనా అయితే ఇంకొంచెం వేసేది" అన్నాడు.

తర్వాత ఇంకో చిప్ప తీసి ఎస్తెర్‌కి అందించాడు.

నీ
సిద్రో